రవికి ముందటి జ్యోతి: జ్యోతిరింద్రనాథ ఠాకూరు జీవితము

తెలుగుదేశమున గ్రంథాలయమని పేరుపెట్టుకొన్న ప్రతి చోటను రవీంద్రనాథ ఠాకూరు గ్రంథ మొకటియైనను బీరువాలో ఉండక మానదు. శాంతినికేతనమునకు పోయి వచ్చిన రాయప్రోలు సుబ్బారావుగారు, బెజవాడ గోపాలరెడ్డిగారు మొదలగువారి మూలమున ఆ మహాకవి మనకును ఇంటివాడయ్యెను. అయితే ఆ రవీంద్రునికి పండ్రెండేండ్లు పెద్దవాడగు అన్న యొకడుండెననియు, అతడు నాటకకర్తయు, సంగీతజ్ఞుడును, చిత్రకారుడును, బహుభాషావేత్తయునై యుండెననియు, ఒకప్పుడు వంగదేశపు రంగస్థలమున ఆ యన్నగారి పేరే మారుమ్రోగుచుండెననియు ఎరిగినవారు మనలో తక్కువ. సూర్యునిముందు దివిటీ యని మనకొక సామెత కలదు. ఆ సామెతను ఇతనికి అన్వయింపబోయిన వారికి నేనొక్క మాట మనవిచేయుదును. ఈ దివిటీ తెల్లవారకముందే వెలిగినది. ఆ బాలసూర్యుడు నడక నేర్చినది దీని వెలుతురుననే.

జ్యోతిరింద్రనాథుడు 1849వ సంవత్సరము మే 4వ తేదీన కలకత్తా నగరమున జొరాసాంకోలోని ఠాకూరుల భవనమున జన్మించెను. తండ్రి మహర్షి దేవేంద్రనాథుడు బ్రహ్మసమాజమునకు మూలస్తంభము వంటివాడు. తాత ద్వారకానాథుడు బొగ్గుగనులు, ఆవిరిపడవలు, బ్యాంకు మున్నగు వ్యాపారములు నడపి రాజకుమారుడని పేరొందినవాడు. ఆయన 1846లో లండనునగరమున కాలధర్మము నొందెను. రెండేండ్లు గడవకమున్నే ఆయన కంపెనీ కూలిపోయెను. దేవేంద్రనాథుడు తప్పించుకొనుటకు దారులున్నను తప్పించుకొనక, తండ్రి ఋణములన్నియు తన నెత్తిన వేసికొని క్రమముగా తీర్చెను. ఆ వ్యాపారము కూలిన మరుసటి యేడు ఐదవ కుమారుడుగా పుట్టినవాడు మన కథానాయకుడు. తాతగారి ఆవిరిపడవల మాట చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. అది ముందు మరల వచ్చును.

ఆ యింట అన్నదమ్ములందరును ఏదో యొక విద్యలో ఆరితేరినవారే. పెద్దవాడు ద్విజేంద్రనాథుడు కవియు తత్త్వవేత్తయు. రెండవవాడు సత్యేంద్రనాథుడు ఐ. సి. ఎస్. పరీక్షయందు కృతార్థుడైన మొదటి భారతీయుడు. అట్టి యింట పుట్టినవానికి ఏదో యొకటి కావలెనను ఆశ పుట్టుట వింత కాదు. జ్యోతిరింద్రునికి ఆశ యొకటితో ఆగలేదు. అన్నియు కావలెనను ఆశ పుట్టెను. ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను గాని చదువు కొనసాగలేదు. పినతండ్రి కొడుకు గుణేంద్రనాథునితో కూడి ఇంటనే నాటకశాల నెలకొల్పెను. 1867లో అచట రామనారాయణ తర్కరత్నము రచించిన నవనాటకము ప్రదర్శింపబడినప్పుడు, స్త్రీలు రంగమెక్కుట లేని ఆ దినములలో, పదునెనిమిదేండ్ల జ్యోతిరింద్రుడు నటి వేషము ధరించెను. ఆ యేడే సత్యేంద్రుని వెంట అహమ్మదాబాదునకు పోయి అక్కడ ఫ్రెంచి భాషను, సితారును, చిత్రలేఖనమును అభ్యసించెను. ఈ మూడింటిలో ఒక్కదానినైనను అతడు చివరివరకు విడువలేదనుట మాత్రము గమనింపదగినది.

1868లో అతనికి కాదంబరీదేవితో వివాహము జరిగెను. వరునికి పందొమ్మిది, వధువునకు తొమ్మిది సంవత్సరములు. ఆ తొమ్మిదేండ్ల వదినె ఆ యింట అడుగుపెట్టునప్పటికి రవీంద్రుడు ఏడేండ్ల బాలుడు. 1875లో తల్లి శారదాదేవి గతించిన పిమ్మట ఆ పిల్లవానిని తల్లివలె చేరదీసినది ఆమెయే.

అప్పటికి వంగదేశమున స్వదేశాభిమానము మొలకెత్తుచుండెను. 1867లో ఆరంభమైన హిందూమేళాతో జ్యోతిరింద్రునికి గాఢసంబంధ మేర్పడెను. దేశాభిమానము జనుల మనస్సున నాటుటకు నాటకమును మించిన సాధనము లేదని అతడు నమ్మెను. 1874లో పురువిక్రమము అను నాటకము రచించెను. అలెగ్జాండరు నెదిర్చిన పురుషోత్తముని కథ యది. మరుసటి యేడు సరోజినీ నాటకము, 1879లో అశ్రుమతి, 1882లో స్వప్నమయి వెలువడినవి. నడుమ హాస్యనాటికలును కలవు. ఇవి ఇంటిలో నలుగురు బంధువులయెదుట ఆడి ముగించిన నాటకములు కావు. కలకత్తాలోని బహిరంగ నాటకశాలలందు టిక్కెట్టు కొని జనులు చూచినవి. మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఇతనికి ఒక్క యేడు మాత్రమే పెద్ద. రాజమహేంద్రవరమున పంతులుగారు నాటకప్రదర్శనమునకు పూనుకొనకముందే, ఇతడు వంగ రంగస్థలమున పేరు నిలుపుకొన్న నాటకకర్త యయ్యెను.

సరోజినీ నాటకమునుగూర్చి కొంత విపులముగా చెప్పవలెను. ఫ్రెంచి నాటకకర్త రసీను రచించిన ఇఫిజెనీ కథాచ్ఛాయను గ్రహించి, దానిని చితూరు దుర్గమునకు మార్చి కూర్చిన నాటకమది. కన్నకూతురిని దేవికి బలియిమ్మని తండ్రిని కోరుట అందలి కథాబీజము. తుదకు శత్రువులు కోటలో ప్రవేశింపగా రాజపుత్రస్త్రీలు చితిలో దుముకుదురు. ఈ నాటకము అచ్చగుచున్న దినములలో జ్యోతిరింద్రుడును, రామసర్వస్వ పండితుడును కూర్చుండి అచ్చు ప్రతులు దిద్దుచుండిరి. పండితుడు బిగ్గరగా చదువుచుండెను. ప్రక్కగదిలో చదువుకొనుచున్న పదునాలుగేండ్ల రవీంద్రుడు అది వినుచుండెను. చితిప్రవేశఘట్టమున జ్యోతిరింద్రుడు వచనములో ఒక ప్రసంగము వ్రాసియుండెను. అది విని ఆ బాలుడు ఉండబట్టలేక లోనికి వచ్చి, ఈ తావున వచనము పొసగదనియు, పద్యమో గేయమో ఉండిననే గాని రక్తి కట్టదనియు చెప్పెను. అన్నగారికిని ఆ సంగతి లోలోపల తోచియే యుండెను. కాని అచ్చుపని సాగుచున్నది, వ్యవధి లేదు. ఆ బాలుడు అప్పటికప్పుడే ఒక గేయము వ్రాసి యిచ్చెను. అన్నగారు తన వచనమును కొట్టివేసి ఆ గేయమును చేర్చెను.

ఈ ఘట్టమును గూర్చి పలుమారు ఆలోచించితిని. ఆ నాటకము రంగమెక్కినపుడు వినోదిని యను ప్రసిద్ధనటి సరోజినీ పాత్ర ధరించెను. చివరి రంగమున నిజముగనే మంటలు లేపెడివారు. నటీమణులు పాడుచు ఆ మంటలలో దుముకుచుండగా జుట్టు కమలినను, చీర చెంగులంటుకొన్నను వారికి తెలియకుండెడిదట; ప్రేక్షకులు ఉన్మత్తులగుచుండిరట. నాటకమంతయు అన్నగారిది. జనులు ఊగిపోయినది తమ్ముడు వ్రాసిన పాటకు. ఇరువదియారేండ్ల వయస్సున, కీర్తి అప్పుడప్పుడే చేతికందుచున్న నాటకకర్త, తన గ్రంథమునకు పతాకమువంటి ఘట్టమున తన రచనను తన చేతితో కొట్టివేసి, మీసములైనను మొలవని పిల్లవాని రచనను నిలిపెను. ఇట్టి పని చేయుటకు రెండు గుణములు కావలెను: మంచి చెడ్డలు తూచగల వివేకము, తూచిన తరువాత త్రాసు చూపినదానికి తలయొగ్గు ధైర్యము. మొదటిది పండితులలో పలువురకు కలదు. రెండవది మిక్కిలి అరుదు. ఆనాటినుండి ఆ బాలుని అతడు తన మిత్రులతో సమానముగా కూర్చుండబెట్టుకొనెను.

ఇంటిలో తక్కినవారు పిల్లవానిని బడికి పంపుటెట్లు, పరీక్ష గట్టెక్కించుటెట్లని చింతించుచుండగా, ఈ యన్న మాత్రము వానిని వదలిపెట్టి పెంచెను. షిలైదహాలోని జమీందారీ గ్రామములకు వెంట తీసికొనిపోయి గుఱ్ఱమెక్కించెను, పులివేటకును తీసికొనిపోయెను. పడిపోవునేమో యను భయము తనకు లేనట్లు కనబడెడివాడు. వయోభేదము పాటింపక సంగీతసాహిత్యములను గూర్చి వానితో వాదించుచుండెను. 1877లో భారతి యను మాసపత్రికను స్థాపింపవలెనను సంకల్పము జ్యోతిరింద్రునిది. సంపాదకత్వము పెద్దన్న ద్విజేంద్రునికి అప్పగించిరి. పదునారేండ్ల రవీంద్రుని రచనలు ఆ పత్రిక మొదటి సంవత్సరముననే ధారాళముగా వెలువడినవి.

పియానో యను విలాయతీ వాద్యము జొరాసాంకో యింట ఉండెను. జ్యోతిరింద్రుడు దానిముందు కూర్చుండి మన రాగములను క్రొత్త నడకలలో నడిపించుచు వరుసలు కల్పించుచుండును. ఒక ప్రక్క అక్షయచంద్ర చౌధురి, మరొక ప్రక్క రవీంద్రుడు కాగితము, పెన్సిలు పట్టుకొని, వ్రేళ్లనుండి వరుస వెలువడుచుండగనే దానికి మాటలు పొదుగుచుందురు. సాధారణముగా పాట ముందు, వరుస వెనుక. ఇక్కడ వరుస ముందు పుట్టి మాట వెనుక వచ్చెను. 1881లో ప్రదర్శితమైన వాల్మీకిప్రతిభ యను గేయనాటకము ఈ సాధనకు ఫలము. అందు రవీంద్రుడు వాల్మీకి వేషము ధరించెను. మరుసటి యేడు కాలమృగయ ప్రదర్శింపబడెను. దశరథుడు చీకటిలో శబ్దమునుబట్టి బాణమువేసి మునికుమారుని చంపిన కథ యది. అందు దశరథుడు జ్యోతిరింద్రుడు; అంధముని రవీంద్రుడు. నేడు రవీంద్రసంగీతమని లోకము పాడుకొను పాటలలో కొన్నింటి వరుసలు అన్నగారి వ్రేళ్లనుండి పుట్టినవే. పాడువారిలో ఆ సంగతి ఎరిగినవారెందరో!

ఇక అతని ఉద్యమములు, వానికి పట్టిన గతి చూతము. 1876 ప్రాంతమున సంజీవనీసభ యను ఒక రహస్యసంఘమును స్థాపించెను. వృద్ధుడగు రాజనారాయణ వసువు దానికి అధ్యక్షుడు. ఒక పాడుపడిన ఇంట తలుపులు మూసి, ఋగ్వేదగ్రంథమును, మనిషి పుఱ్ఱెను, ఒరదీసిన కత్తిని ముందుంచుకొని, దేశోద్ధరణకు దీక్ష పూనుచుండిరి. సభ్యులు తమ రాబడిలో పదవవంతు ఈయవలెను. ఆ సొమ్ముతో స్వదేశపు అగ్గిపుల్లలు చేయింపబూనిరి. కొన్ని పెట్టెలు తయారైనవి గాని, ఒక్క పెట్టెకైన వ్యయముతో ఒక పల్లెలోని పొయ్యిలన్నియు ఏడాది మండింపవచ్చును. పైగా ప్రక్కన వేరొక దీపము ఉండిననే గాని అవి అంటుకొనెడివి కావు. పిమ్మట మగ్గము పెట్టిరి. ఆ మగ్గముపై ఒక్క తుండుగుడ్డ నేయబడెను. దానిని తలకు చుట్టుకొని సభ్యుడొకడు ఆనందము పట్టలేక గంతులు వేసెనట. అంతటితో మగ్గము ముగిసెను. భారతీయులందరకు ఒకే వేషముండవలెనని తలచి జ్యోతిరింద్రుడు పంచెకును పాయజామాకును నడుమ ఒక వస్త్రమును, తలపాగాకును టోపీకిని నడుమ ఒక శిరోవేష్టనమును కల్పించెను. దానిని మరియెవ్వరును తొడుగ సాహసింపలేదు. అతడొక్కడే పట్టపగలు దానిని ధరించి బండి యెక్కి కలకత్తా వీథులలో తిరిగెను. నవ్వువారు నవ్విరి. దేశముకొరకు ప్రాణమిచ్చువారు పలువురుందురు గాని, దేశముకొరకు అట్టి వేషముతో బజారున తిరుగగలవారు కొందరే యని రవీంద్రుడు తరువాత ప్రేమతో పరిహాసమాడెను.

1882లో వంగభాషకు పారిభాషికపదములు నిర్ణయించుటకై సారస్వతసమాజమును స్థాపించెను. రాజేంద్రలాలమిత్రుడు అధ్యక్షుడు. అదియు స్వల్పకాలముననే ఆగిపోయెను.

అన్నింటికంటె పెద్దది ఓడల వ్యాపారము. నీలిమందు సాగులో అతనికి కొంత లాభము చేకూరియుండెను. ఒక దినము పత్రికలో వేలము ప్రకటన చూచి ఏడువేల రూపాయలకు ఒక ఓడను పాడుకొని వచ్చెను. తీరా చూడగా అది ఓడ కాదు, ఓడ డొల్ల. యంత్రము లేదు, గదులు లేవు. అవి యన్నియు అమర్చి నీటిలో దింపునప్పటికి వ్యయము ఏడువేలను ఎన్నో మడుగులు మించెను. ఆ ఓడకు సరోజిని యని తన నాటకము పేరు పెట్టెను. పిమ్మట స్వదేశి, భారత్, వంగలక్ష్మి మున్నగు మరికొన్ని ఓడలు చేరినవి. ఖుల్నాకును బరిసాలుకును నడుమ ఇవి ప్రయాణికులను చేరవేయసాగినవి.

ఆంగ్లేయుల ఫ్లోటిల్లా కంపెనీ ఓడలు ఆ నదీమార్గమున పోటీకి నిలచినవి. వారు రేటు తగ్గించిరి, ఇతడును తగ్గించెను. బరిసాలు యువకులు రేవులో నిలిచి దేశభక్తిగీతములు పాడుచు జనులను స్వదేశపు ఓడలోనికి మరల్చుచుండిరి. జనులు రాసాగిరి. కాని టిక్కెట్టు కొనకయే వచ్చు జనులు హెచ్చిరి. పైగా వారికి ఫలహారములు కూడ పెట్టిరి. జమాఖర్చులు వ్రాయుటయే వృత్తిగాగల నావంటివానికి ఇచ్చట కలము ఆగును. ఓడ యెంత నిండిన అంత నష్టమగు వ్యాపారమును ఏ చిట్టాలో ఎట్లు వ్రాయవలెను? జమ వైపు దేశభక్తి, ఖర్చు వైపు బొగ్గు, జీతములు, ఫలహారములు. దేశభక్తిని రూపాయలు, అణాలు, పైసలలోనికి మార్చు లెక్క ఏ గణితశాస్త్రమునను లేదు. తుదకు సరకుతో వచ్చుచున్న స్వదేశి ఓడ హౌరా వంతెనయొద్ద మునిగిపోయెను. మిగిలిన ఓడలను పోటీ కంపెనీవారికే ఇచ్చి, అప్పులభారముతో బయటపడెను. తాతగారు లాభములు గడించిన ఆవిరిపడవలు మనుమని ముంచినవి. అయినను ఒక్క సంగతి చెప్పుట న్యాయము. నాడు తగ్గిన ప్రయాణపు ధరలవలన నదీప్రాంతపు జనులకు కలిగిన సౌలభ్యము లెక్కలోనిదే. అది జ్యోతిరింద్రుని చిట్టాలోనికి రాలేదు, అంతే.

ఓడలకంటె పెద్ద దెబ్బ వేరొకటి తగిలెను. మొదటి ఓడ ప్రయాణము సాగించుటకు ఒక్క నెల ముందు, 1884 ఏప్రిలులో, కాదంబరీదేవి ఆత్మహత్య చేసికొనెను. ఆమెకు ఇరువదియైదవ యేడు నిండలేదు. వారికి సంతానము లేదు. భర్త నాటకములు, సభలు, వ్యాపారములలో మునిగియుండగా, ఆ పెద్ద యింట ఆమెకు కవిత్వమే సావాసము. మరిది రచనలకు ఆమెయే మొదటి శ్రోత. ఆ మరణకారణమును ఠాకూరు వంశీయులు లోకమునకు చెప్పలేదు. వారు చెప్పనిదానిని తరువాతివారు కథలుగా అల్లి అమ్ముకొనిరి. ఒక యింటివారు మూసిన తలుపును వెలినుండి నెట్టుట మర్యాద కాదు గాన, నేనిక్కడ ఆగుదును. జ్యోతిరింద్రుడు అప్పటికి ముప్పదియైదేండ్ల వాడు. మరల వివాహము చేసికొనలేదు.

ఆ తరువాత స్వతంత్రరచన దాదాపు నిలిచిపోయెను. చిన్న ప్రహసనములు, గేయరూపకములు కొన్ని కలవు గాని, సరోజిని, అశ్రుమతులవంటి నాటకము ఆ కలమునుండి మరల వెలువడలేదు. ఇట్లేల జరిగినది? భార్యావియోగమే కారణమని కొందరందురు. తమ్ముని కీర్తికి అడ్డురాకుండుటకై తనంత తానే తప్పుకొన్న త్యాగమూర్తి యని మరికొందరు కొనియాడుదురు. నాకు ఈ రెండును సంపూర్ణముగా రుచింపవు. సంవత్సరములను వరుసగా పేర్చి చూడుడు. అతని చివరి పెద్ద నాటకము స్వప్నమయి 1882 నాటిది. అనగా భార్య మరణమునకు రెండేండ్లు ముందుది. అందును తమ్ముని పాటలు చేరినవి. ఆ యేడే రవీంద్రుని సంధ్యాసంగీత్ అను కావ్యసంపుటి వెలువడెను. ఒక వివాహసభలో బంకించంద్రుడు తన మెడలో వేసిన పూలదండను తీసి ఆ యువకుని మెడలో వేసి, ఆ కావ్యమును మెచ్చుకొనెను. వంగసాహిత్యచక్రవర్తి తన దండను ఎవనికి వేసెనో లోకమంతయు చూచెను. జ్యోతిరింద్రుడు లోకముకంటె ఏడేండ్లు ముందే, అచ్చుప్రతులు దిద్దిన ఆ దినముననే చూచియుండెను.

త్యాగమని నేనెందుకు అనలేనో చెప్పెదను. త్యాగము చేయువాడు తనకున్నదానిని వదలుకొనును. ఇతడు, తాను కోరిన ఎత్తు తనకు లేదని తెలిసికొనెను. నాటకము కట్టుట తెలియును, వరుస కూర్చుట తెలియును, బొమ్మ గీయుట తెలియును. కాని మాట నోట పడగానే ప్రాణముపోసికొను ఆ గుణము ప్రక్కగదిలోని పిల్లవానికి కలదు, తనకు లేదు. ఆ గుణము పొరుగూరివానికి ఉన్నచో మరచి నిద్రింపవచ్చును. తన యింట, తన చేతిక్రింద పెరుగుచున్న వానికే ఉన్నప్పుడు ప్రతిదినము దానిని చూడవలెను. ఇట్టిచోట మనుష్యుడు సాధారణముగా అసూయతో కుళ్లును. లేదా త్రాగుడులో పడును. ఇతడు ఈ రెండు దారులను పట్టినట్లు ఎచ్చటను కానరాదు. అయితే అతని దోషమును కప్పిపుచ్చరాదు. ఏ పనినైనను ఉత్సాహముతో ఎత్తుకొని నడుమ వదలుట అతని స్వభావము. తమ్ముడు డెబ్బదియేండ్లు దాటియు ప్రతిదినము వ్రాయుచునే యుండెను. ప్రతిభతోపాటు ఆ కష్టపడు గుణమునను అన్న తమ్మునికి తీసిపోయెను. మహాప్రతిభ తన్ను అణచివేసినదని చెప్పుకొనువారు, ఆ ప్రతిభ గలవాడు దినమునకెన్ని గంటలు బల్లయొద్ద కూర్చుండెనో కూడ లెక్కవేయవలెను.

మరి ఆ తరువాతి నలువదియేండ్లు అతడేమి చేసెను? నాకు అతనిపై గౌరవము కలిగినది ఈ భాగమును చూచియే. స్వంతముగా సృష్టించు ఆశ ఉడిగిన పిమ్మట ఇతరుల సృష్టికి ఊడిగము చేయసాగెను. సంస్కృతనాటకములను ఒకదాని వెనుక ఒకటి వంగభాషలోనికి తెచ్చెను. శాకుంతలము, విక్రమోర్వశీయము, మాళవికాగ్నిమిత్రము, ఉత్తరరామచరితము, మాలతీమాధవము, మృచ్ఛకటికము, ముద్రారాక్షసము, వేణీసంహారము, రత్నావళి, నాగానందము ఇంకను పెక్కు అతని కలమునుండి వెలువడినవి. ఇందు చాలభాగము 1899 మొదలు ఐదారేండ్లలో ముగిసినది. మన భాషలో శాకుంతలము, రత్నావళి వీరేశలింగము పంతులుగారు, వేణీసంహారము వడ్డాది సుబ్బారాయుడుగారు తెనిగించిరి. తక్కినవాని నింకెందరో పంచుకొనిరి. మనయందు పలువురు కూడి చేసిన పనిని అచ్చట ఈ ఒక్కడు చేసెను. భవభూతి వాక్యముతో ఒక్క పూటయైనను పెనగులాడినవారికి ఆ శ్రమ యెట్టిదో తెలియును. ఎత్తుకొన్నది వదలుట స్వభావముగాగల వాడు దీనిని మాత్రము వదలలేదు. ఫ్రెంచినుండి మోలియేరు ప్రహసనములను, కథలను అనువదించెను. షేక్స్పియరు జూలియసు సీజరును అనువదించెను. మరాఠీ నేర్చి, లోకమాన్య తిలకుగారి గీతారహస్యమును డెబ్బదియేండ్లు దాటిన వార్ధక్యమున వంగభాషలోనికి మార్చెను. అది అతని మరణమునకు స్వల్పకాలము ముందు అచ్చయ్యెను.

సంగీతమునను ఇట్టి సేవయే. పాట గాలిలో పుట్టి గాలిలో పోవును. దానిని కాగితముపై నిలుపుటకు సులభమైన స్వరలిపి కావలెను. జ్యోతిరింద్రుడు సంస్కరించిన ఆకారమాత్రిక స్వరలిపి వంగదేశమున స్థిరపడెను. 1897లో స్వరలిపి గీతిమాల అను గ్రంథమును ప్రకటించెను; ఆ యేడే భారతసంగీతసమాజమును నెలకొల్పెను. అటుపిమ్మట రవీంద్రుని పాటలు వేలకొలదిగా చెదరిపోక నిలుచుటకు ఈ లిపి పెద్ద ఆధారమయ్యెను. తమ్ముని పాటను పట్టియుంచు పెట్టెను కూడ అన్నయే చేసియిచ్చెనన్నమాట.

ఇక చిత్రలేఖనము. జ్యోతిరింద్రుని చేత ఎల్లప్పుడును ఒక పుస్తకము, పెన్సిలు ఉండెడివి. ఎదుటికి వచ్చిన వారి ముఖమును, ఎక్కువగా ప్రక్కనుండి కనబడునట్లు, గీసికొనెడివాడు. తల ఆకారమునుబట్టి గుణములు చెప్పవచ్చునను పాశ్చాత్యశాస్త్రముపై అతనికి అభిరుచి యుండెను. ఆ శాస్త్రము నిలువలేదు గాని దానివలన బొమ్మలు నిలిచినవి. చుట్టములు, పండితులు, నౌకరులు, దారినపోవువారు అందరును ఆ పుస్తకములలోనికి ఎక్కిరి. బొమ్మల సంఖ్య రెండువేలకు చేరువ. 1889లో షిలైదహాయొద్ద పడవలో కూర్చున్న వృద్ధుడగు లాలన్ ఫకీరును అతడు గీసెను. వంగదేశపు బౌలుగాయకులలో అగ్రగణ్యుడగు ఆ మహనీయుని, బ్రదికియుండగా ఎదుట కూర్చుండి గీసిన చిత్రమిది యొక్కటే నేడు నిలిచియున్నది. ఈ పుస్తకములను అతడు ప్రదర్శనకు పెట్టలేదు. 1912లో రవీంద్రుడు లండనునకు పోయినప్పుడు వానిలో కొన్నింటిని విలియం రోథెన్‌స్టీన్ అను ప్రసిద్ధచిత్రకారుడు చూచి ఆశ్చర్యపడి, 1914లో ఇరువదియైదు చిత్రములను ఎంచి తన పీఠికతో అచ్చొత్తించెను. అప్పటికి జ్యోతిరింద్రునికి అరువదియైదేండ్లు. చిత్రకళలోనైనను ఆ యింట పేరు తనదే యనుకొనుటకు వీలుండెను. కాని అదియు కొంతకాలమే. అన్న గతించిన ఐదేండ్లకు, 1930లో, రవీంద్రుని చిత్రములు పారిసునగరమున ప్రదర్శింపబడినవి. నేడు ఠాకూరు చిత్రములన్నచో జనులకు తలపునకు వచ్చునవి అవియే.

1908 ప్రాంతమున కలకత్తాను విడిచి రాంచీ నగరసమీపమున మొరాబాదీ కొండను కొని, అక్కడ శాంతిధామమను ఇల్లు కట్టుకొనెను. కొండశిఖరమున నాలుగువైపుల తెరచియున్న ఒక ప్రార్థనామండపము నిర్మించెను. సత్యేంద్రనాథుడును వచ్చి ఆ చెంతనే నివసించెను. ఉదయమున ప్రార్థన, పగలు అనువాదము, వచ్చినవారిని గీయుట, సాయంకాలము సంగీతము: ఇదియే దినచర్య. తన జీవితకథను అడిగినవారికి చెప్పి వ్రాయించెను. అది 1920లో గ్రంథముగా వెలువడెను. అందు తన నాటకములతోపాటు మునిగిన ఓడ కథను, మండని అగ్గిపుల్లల కథను దాచక చెప్పెను. 1925వ సంవత్సరము మార్చి 4వ తేదీన ఆ కొండపైననే దేహము చాలించెను. అప్పటికి అతని వయస్సు డెబ్బదియైదు.

మొరాబాదీ కొండను నేడు అందరును ఠాకూరు కొండ యని పిలుతురు. రాంచీకి పోవు యాత్రికులు మెట్లెక్కి ఆ మండపములో కొంతసేపు కూర్చుండి వత్తురు. అది గీతాంజలి వ్రాసిన రవీంద్రుడు నివసించిన కొండ యనుకొని దిగివచ్చువారు వారిలో లేకపోలేదు.